నల్లమలలో అడవి మనుషులు ఉన్నారా?

నల్లమల లోతట్టులో ఒళ్లంతా బొచ్చుతో, రెండు కాళ్ల మీద తిరిగే అడవి మనుషులు ఉన్నారట, హిమాలయాల యతి లాంటివాళ్లట, నిజమేనా అని అడిగారు. లేరండి. మాది అచ్చంపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు పొద్దుగూకాక అడవి దిక్కు పోతే బొచ్చు మనిషి ఎత్తుకుపోతాడని మమ్మల్నీ భయపెట్టేవాళ్లు. ఉద్యోగం వచ్చి, నల్లమలలో ఉండే చెంచు గిరిజనుల పెంటలకు, అంటే వాళ్ల చిన్న గూడేలకు, తిరగడం మొదలయ్యాక ఆ కథ ఎక్కడ పుట్టి ఉంటుందో కళ్లారా చూశాను.

ఫర్హాబాద్ దాటాక ఒక కుంట గట్టున, వాన వెలిసిన మర్నాడు, బురదలో అడుగులు కనిపించాయి. మడమ, అరికాలు, అయిదు వేళ్లు. చెప్పుల్లేకుండా ఎవరో నడిచిపోయినట్టే ఉంది. నాతో ఉన్న చెంచు పెద్దాయన గొంతుక్కూర్చుని పుల్లతో చూపించాడు. మన కాలి వేళ్లు బొటనవేలి నుంచి చిటికెన వేలికి ఏటవాలుగా దిగుతాయి. ఇక్కడ అయిదూ దాదాపు ఒకే వరుసలో ఉన్నాయి, వాటి ముందర గోళ్లు దిగిన చుక్కలు ఉన్నాయి. అది గుడ్డెలుగు వెనక కాలు. ముందు కాలి జాడ పక్కనే ఉంది, దాని గోళ్ల గుర్తులు ఇంకా ముందుకు పడ్డాయి. పుట్టలు తవ్వి చెదలు తినేది ఆ గోళ్లతోనే. ఎలుగు బెదిరినా, దూరం నుంచి వాసన పట్టాలన్నా వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది. తల్లి అయితే పిల్లల్ని వీపు మీద మోస్తుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున పూలేరడానికి పోయినవాడికి ఆ మసక వెలుతురులో అది ఎదురుపడితే, ఊళ్లోకి పరుగెత్తుకొచ్చి ఏం చెప్తాడు? బొచ్చు మనిషిని చూశాననే చెప్తాడు. వాడు అబద్ధమాడలేదు.

హిమాలయాల్లో కూడా జరిగింది దాదాపు ఇదే. యతివని దాచిపెట్టిన ఎముక, చర్మం, వెంట్రుకల లాంటి తొమ్మిది నమూనాలకు డీఎన్ఏ పరీక్ష చేసి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. ఇక మంచులో పడిన జాడ ఎండకు కరిగి పెద్దదవుతుంది కాబట్టి చూసినవాళ్లకు రాక్షస పాదంలాగే అనిపిస్తుంది.

నన్ను బాధపెట్టేది ఎలుగు కథ కాదు. అడవి మనుషులు అనగానే చాలామంది మనసులో మెదిలేది చెంచులు. ఆ మధ్య కెమెరాలు పట్టుకొని ఓ పెంటకు వచ్చిన కుర్రాళ్లు, గుడిసె ముందు కూర్చున్న ముసలాయన్ని చొక్కా విప్పి బాణం పట్టుకోమన్నారు. వీడియోకి పెట్టిన పేరు అడవి మనుషులనే. ఆయనకు ఓటుంది, రేషన్ కార్డుంది, మనవరాలు ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది. ఇప్పటికీ తలుచుకుంటే కోపం ఆగదు.

చెంచులు ఎవరికీ కనపడకుండా దాక్కున్నదెప్పుడు? నిజాం కాలంలోనే, 1940లో, హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ గుట్టల్లో వాళ్ల మధ్య ఉండి, వాళ్ల బతుకు మీద 1943లో పెద్ద పుస్తకమే వేశాడు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే వాళ్లు మన కథల్లో దేవుడికి చుట్టాలు. అహోబిలం నరసింహస్వామి పెళ్లాడింది చెంచు పిల్లను. శ్రీశైలం మల్లన్నను వాళ్లు చెంచు మల్లయ్య అంటారు.

వాళ్ల పనితనం చూడాలంటే తేనె తీసేటప్పుడు చూడాలి. కొండ అంచు నుంచి తాడు కట్టుకొని దిగుతారు, పొగబెట్టి ఈగల్ని లేపుతారు, పట్టు కోస్తారు, కింద లోయ. పైన తాడు పట్టేది ఎవరని అడిగితే ఆ పెద్దాయన, "బామ్మర్దే పట్టాలె. వాడు తాడు ఇడిస్తే వాని అక్కనే ముండమోస్తది గదా" అన్నాడు. ఇంత లెక్క ఉన్న మనుషుల్ని పట్టుకొని అడవి మనుషులంటే ఏం చెప్పాలి?

అండమాన్ దీవుల్లో ఉండే సెంటినలీస్ అనే తెగ గురించి కూడా అడిగారు. వాళ్లు బయటివాళ్లను రానివ్వరు, వాళ్ల దీవి దరిదాపులకు పోవడం చట్టరీత్యా నేరం. 2018లో వెళ్లిన అమెరికా యువకుడు అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మన జలుబు, తట్టు లాంటివి కూడా వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. చెంచుల సంగతి అలా కాదు, మర్యాదగా పలకరిస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.

చెంచుల్ని నిజంగా కలవాలనుంటే చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం జాతరకు రండి. అక్కడి శివుడు లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. అటవీ శాఖ దారి తెరిచేది ఆ కొద్ది రోజులే, ముందే కనుక్కోండి. అడవిలోకి వచ్చే దారిలో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టు రాత్రిపూట మూసేస్తారు కాబట్టి పగలే చేరుకోండి. లోయలోకి దిగే దారంతా రాళ్లు, ఎండ మండిపోతుంది, నీళ్లు ఎక్కువే తెచ్చుకోండి. అక్కడ ఎవరైనా తేనె అమ్ముతుంటే బేరమాడకుండా కొనండి. ఫోటో కావాలంటే ముందు అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయండి.