‘అంతరాభిముఖ’ కోణంలో అంతరం ఏది?

సందేహం: గురువుగారూ, మా అమ్మాయిది ఏడో తరగతి, తెలుగు మీడియం. ‘త్రిభుజ బాహ్యకోణం దాని అంతరాభిముఖ కోణాల మొత్తానికి సమానం’ అని పుస్తకంలో ఉంది. అంతరం అంటే తేడా కదా, మరి మొత్తం అంటారేమిటి? కలపాలో తీసేయాలో తెలియక పరీక్షల ముందు ఇద్దరికీ టెన్షన్‌గా ఉంది. ‘అంతరభిముఖ’ అని రాస్తే తప్పా?

సమాధానం: మీ సందేహం సహజమే. ‘తరాల అంతరం’ అన్నా, అంకశ్రేఢిలో ‘పదాంతరం’ అన్నా తేడా అనే అర్థమే. భాషాంతరం, దేశాంతరం అన్నప్పుడేమో ‘మరొకటి’. కానీ ‘అంతర’ శబ్దానికి ‘లోపలి’ అనే అర్థం కూడా ఉంది. ఇక్కడ పనికొచ్చేది అదే. అభిముఖం అంటే ఎదురుగా ఉన్నది. లోపల ఉండాలి, బాహ్యకోణానికి ఎదురుగానూ ఉండాలి. ఈ రెండు లక్షణాలూ ఉంటేనే అది అంతరాభిముఖ కోణం.

అమ్మాయితో బొమ్మ గీయించండి. ఏబీసీ త్రిభుజంలో బీసీ భుజాన్ని సీ దాటి డీ దాకా పొడిగించాలి. బయట ఏర్పడిన ఏసీడీ కోణం 110 డిగ్రీలు అనుకుందాం. సీ దగ్గరి లోపలి కోణం దాన్ని ఆనుకునే ఉంది. అది అంతరకోణమే గానీ అభిముఖం కాదు. ఇక మిగిలిన ఏ, బీలే అంతరాభిముఖ కోణాలు. ఆ రెండూ కలిపితే 110 రావాలి. ఏ 65 అయితే, 110లోంచి 65 పోగా బీ 45. సీ దగ్గర లోపల 180లోంచి 110 పోగా 70. మూడూ కలిపితే 180, లెక్క సరిపోయింది. బాహ్యకోణ సూత్రాన్నీ, మూడు కోణాల మొత్తాన్నీ యూక్లిడ్ ఒకే ప్రతిపాదనలో చెప్పాడు. పిల్లలకూ రెండూ కలిపి చెప్తేనే బాగా పడతాయి.

ఇక రాత సంగతి. అంతర + అభిముఖ = అంతరాభిముఖ, సవర్ణదీర్ఘ సంధి. ‘రా’కు దీర్ఘం ఉండాల్సిందే. ‘అంతరంగం’లో దీర్ఘం లేదేమని అడుగుతారేమో, అక్కడ మొదటి పదం ‘అంతర్’, చివర అచ్చు లేదు.

దీర్ఘం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. తొందరలో ‘మొత్తానికి’ వదిలేసి ‘అంతరాభిముఖ కోణాలకు సమానం’ అని రాసేస్తుంటారు. అలా రాస్తే మన బొమ్మలో ఏ కూడా 110, బీ కూడా 110 అని అర్థం వస్తుంది. ఆ రెండే 220 అవుతాయి, అలాంటి త్రిభుజాన్ని కాగితం మీద గీయలేం. ఆ మాట మాత్రం అమ్మాయి చేత తప్పకుండా రాయించండి.