గీకకుండా, పెచ్చు తీయకుండా పెయింటింగ్‌లో ఏ రంగులు వాడారో ఎక్స్‌రేతో ఎలా తెలుస్తుంది?

దీనికి ఎక్కువగా వాడేది ఎక్స్‌రే ఫ్లోరొసెన్స్. ఎక్స్‌రే తగిలితే పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఆ ఖాళీలోకి పై కక్ష్య నుంచి ఇంకొకటి దిగుతుంది. అప్పుడు మిగిలిన శక్తి ఎక్స్‌రేగానే బయటికొస్తుంది, ఒక్కో మూలకానికి ఒక్కో విలువతో. ఇనుముకి 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, రాగికి 8.05. ఎరుపు దగ్గర పాదరసం కనిపిస్తే దాదాపుగా ఇంగిలీకమే (పాదరసం, గంధకం కలిసిన ఎర్ర రంగు). ఒట్టి ఇనుమైతే ఎర్రమట్టి రంగు అనుకోవచ్చు.

పేచీ అంతా సీసం, ఆర్సెనిక్‌లతోనే. రెండింటి ముఖ్య శిఖరాలూ, అంటే గ్రాఫులో మూలకం విలువ దగ్గర పైకి లేచే గీతలు, 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే పడతాయి. అందుకే 11.7 దగ్గర ఆర్సెనిక్‌కి, 12.6 దగ్గర సీసానికి ఉండే రెండో శిఖరాలు చూడకుండా మాట్లాడకూడదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరుని నేనైతే గుడ్డిగా నమ్మను.

ఇది మూలకాన్నే చెబుతుంది, సమ్మేళనాన్ని కాదు. సమ్మేళనం తెలియాలంటే స్ఫటికాల్లో పరమాణువుల అమరికను చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ కావాలి. నీలిమందు లాంటి సేంద్రియ రంగులైతే ఫ్లోరొసెన్స్‌కి అసలు చిక్కవు.

ఎక్స్‌రే కింది పొరల్లోకీ వెళ్తుంది కాబట్టి సిగ్నల్స్ కలిసిపోతాయి. తలనొప్పే, కానీ లాభం కూడా. వాన్ గో గీసిన ఒక గడ్డి దృశ్యం కింద దాగిన స్త్రీ ముఖాన్ని 2008లో పాదరసం, యాంటిమొనీ ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే మ్యాపులతోనే బయటపెట్టారు.

నకిలీలు పట్టడానికీ రంగు సాక్ష్యం పనికొస్తుంది. జర్మన్ చిత్రకారుడు కాంపెండాంక్ 1914లో వేశాడంటూ అమ్మిన చిత్రంలో టైటానియం తెలుపు దొరికింది. ఆ ఏడాదికి అది చిత్రకారుల చేతికి ఇంకా రానే లేదు.