శనివారం గ్రౌండ్‌కి వెళ్ళే ముందు చదువుకో

అమ్మాయ్,

నిన్న ఫోన్లో నువ్వు ఏడవడం ఒక్కటే తక్కువ. "పిన్నీ, మా పిల్లాడు మాతో ఒక్క మాటైనా అనకుండా స్కూల్లో రగ్బీకి పేరిచ్చేశాడు, ఎలా మాన్పించాలి?" అన్నావు. మాన్పించడం నాకు చేతకాదమ్మా. మా వాడి విషయంలో ప్రయత్నించి ఓడిపోయాను. ఓడిపోయాక ఆరు చలికాలాలు, శనివారం శనివారం, బురదలో నిలబడి ఆట చూశాను. కాబట్టి ఎలా నెట్టుకురావాలో చెప్పగలను. ఫోన్లో అయితే రెండో మాటకే అడ్డొస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు వాడు ఎలాంటి చోట అడుగుపెట్టాడో తెలుసుకో. సిడ్నీలో జీపీఎస్ (గ్రేట్ పబ్లిక్ స్కూల్స్) అని పిలిచే ఈ స్కూళ్ళ సంఘం 1892 నాటిది. తొమ్మిది స్కూళ్ళు. మన పారమట్టా పక్కనున్న కింగ్స్ 1831లో మొదలైంది. కింగ్స్‌కీ స్టాన్‌మోర్‌లోని న్యూయింగ్టన్‌కీ మధ్య ఆట 1870 నుంచీ ఉంది. అందరూ జోయీస్ అనే సెయింట్ జోసెఫ్స్ 1881లో పెట్టారు, అంటే రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిన ఏడు. ఈ స్కూళ్ళ రగ్బీ పోటీలో అందరికంటే ఎక్కువసార్లు గెలిచింది జోయీసే. రివర్‌వ్యూ స్కూలు దానికంటే ఒక్క ఏడాది పెద్దది. ఈ రెండింటి మధ్య ఆట ఉన్న రోజు వేలమంది వస్తారు. తాత ఆడిన గ్రౌండ్‌లోనే తండ్రి, తండ్రి ఆడిన గ్రౌండ్‌లోనే కొడుకు ఆడే కుటుంబాలవి. మన వైపు ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలకి పక్కపక్క ఊళ్ళ వాళ్ళు ఎలా ఊగిపోతారో గుర్తుందిగా? అదే పూనకం. కాకపోతే ఇక్కడ అందరూ కోటూ టై కట్టుకుని ఊగుతారు.

మన వాళ్ళందరికీ తెలిసిన సిడ్నీ బాయ్స్ హై కూడా ఈ తొమ్మిదిలో ఒకటి. అది ఫీజుల బడి కాదు, సెలెక్టివ్ పరీక్ష రాసి వెళ్ళే ప్రభుత్వ బడి. ట్యూషన్ సెంటర్ల ముందు కార్లు ఆపుకుని కూర్చునే మన అమ్మానాన్నల్లో ఎంతమందికి ఆ సీటుతో పాటు రగ్బీ కూడా వస్తుందని తెలుసో!

ఇలాంటి బళ్ళలో చాలావాటిలో శనివారం ఆట తప్పనిసరి. రగ్బీ కాకపోతే సాకర్, అదీ కాకపోతే పరుగు. అంటే నీ ముందున్నది ఆడాలా వద్దా అన్న ప్రశ్న కాదు, ఏది ఆడాలన్నది. అది వాడు తేల్చుకున్నాడు. వాడి వయసులో వాడంతట వాడు తేల్చుకున్న మొదటి సంగతి ఇదేనేమో, దాని జోలికి వెళ్ళకు.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. మౌత్‌గార్డ్ షాపులో దొరికే రకం కొనకు, పళ్ళ డాక్టర్ దగ్గర అచ్చు తీయించి చేయించు. పళ్ళు, దవడ పెరిగే వయసు కాబట్టి ఏడాదికోసారి మార్చాల్సి రావచ్చు, విసుక్కోకు. బూట్లు ఒక సైజు పెద్దవి కొనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు, కాలు లోపల జారితే మడమ తిరుగుతుంది. మెత్తటి హెడ్‌గేర్ అడిగితే కొనిపెట్టు, చెవులు ఒరుసుకోకుండా, చర్మం చిట్లకుండా ఉంటుంది. కానీ అది పెట్టుకుంటే మెదడుకి దెబ్బ తగలదని మాత్రం నమ్మకు. జెర్సీ మీద రక్తం మరకయితే వేడినీళ్ళు పోయకు, చల్లటి నీళ్ళలో నానబెట్టు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మా ఇంట్లో మూడు జెర్సీలు మిగిలేవి.

ఇక నీ అసలు భయం. ఎదురుగా నూరు కిలోల పిల్లవాడు పరిగెత్తుకొస్తుంటే మన సన్నటి వాడు ఏమైపోతాడని. నిజమే, ఈ వయసులో ఒకడికి మీసం వస్తుంది, పక్కవాడికి పాల బుగ్గలు పోవు. కానీ బంతితో వచ్చేవాణ్ణి పట్టి కూలదోసే టాకిల్ అంటే గుద్దుకోవడం కాదు, పట్టు. మీ నాన్న చిన్నప్పుడు చెడుగుడులో ఎంత లావువాణ్ణయినా కాళ్ళు చుట్టేసి కూలదోసేవారు కదా! ఒక్కసారి ఆయన చేత వీడికి ఫోన్లో చెప్పించు. తేడా ఒక్కటే. అక్కడ పట్టినవాణ్ణి ఊపిరి విడిచేదాకా వదలరు. ఇక్కడ కింద పడగానే వదిలెయ్యాలి, పడినవాడు బంతిని వదిలెయ్యాలి. తల ఎప్పుడూ ఎదుటివాడి ముందుకి రాకూడదు, పక్కన ఉండాలి, చెంప వాడి పిరుదుకి ఆనాలి. కోచ్‌లు ఇదే చెబుతారు, పిల్లలు పడీ పడీ నవ్వుతారు, అందుకే గుర్తుంటుంది. 2024 నుంచి ఇక్కడి స్థానిక ఆటల్లో రొమ్ము ఎముకకి దిగువనే పట్టుకోవాలని నియమం తెచ్చారు. సరిగా పట్టడం, సరిగా పడడం వచ్చేదాకా వాడు మంగళ, గురువారాల ప్రాక్టీసు ఎగ్గొట్టకుండా చూడు. మ్యాచ్ ఒక్కటి పోయినా ఫరవాలేదు, ప్రాక్టీసు పోకూడదు. దెబ్బలు ఎక్కువగా తగిలేది ప్రాక్టీసు ఎగ్గొట్టి మ్యాచ్‌కి వచ్చేవాళ్ళకే, నేను చూసినంతలో.

స్క్రమ్ గురించి ఒక జాగ్రత్త. ఎనిమిది మంది ఇటు, ఎనిమిది మంది అటు భుజాలు కలిపి తోసుకునేది స్క్రమ్. ముందు వరసలో నిలబడే ముగ్గురికీ మెడ మీద భారం పడుతుంది, ఆ చోటుకి విడిగా శిక్షణ ఉండాలి. పిల్లల ఆటలో మీటరున్నర కంటే ఎక్కువ తోయకూడదన్న నియమం కూడా ఉంది. మా వాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక శనివారం ముందు వరసలో ఆడే పిల్లవాడు జ్వరంతో రాలేదు. అన్నిటికీ ముందుకొచ్చే మనస్తత్వం వీడిది, "నేను నిలబడతా" అన్నాడు. జట్టు చూసుకునే పెద్దమనిషి సరే అన్నాడు కూడా. మీ బాబాయి ఎప్పుడూ నోరెత్తని మనిషి, ఆ రోజు వెళ్ళి "వీడికి నేర్పలేదండీ" అని అడ్డంగా నిలబడ్డారు. తోపులాట లేకుండా స్క్రమ్ జరిపే పద్ధతి ఉంది, అలా జరిపించి ఆడారు. నీకు ఆటలో మిగతాదేదీ అర్థం కాకపోయినా ఇది గుర్తుంచుకో. నేర్పనిచోట నిలబెడితే వద్దను. సిగ్గుపడకు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

అదే ఏడాది జూలైలో ఒక మ్యాచ్. అవతలి అంచున ఎవరినో పట్టుకోబోతే మోకాలు వీడి తలకి తగిలింది. నేను చూశాను. లేచాడు, మిగతా ఆట ఆడాడు, కోచ్ ఇటువైపు ఉన్నాడు కాబట్టి గమనించలేదు. కారెక్కాక "అమ్మా, ఎంత స్కోరు?" అని అడిగాడు. చెప్పాను. బ్రిడ్జి దాటాక మళ్ళీ అదే అడిగాడు. ఆకలి మీద ఉన్నాడనుకున్నాను, చూడు నా తెలివి! ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. "అమ్మా, సార్‌కి చెప్పొద్దు, వచ్చే శనివారం వాళ్ళతో ఆట" అన్నాడు. ఆ "వాళ్ళు" ఎవరో ఈ బళ్ళలో ఎవరినీ అడగక్కర్లేదు, ప్రతి స్కూలుకీ ఒక "వాళ్ళు" ఉంటారు. ఏడాదంతా ఆ ఒక్క శనివారం కోసమే చూస్తారు పిల్లలు. వాడి మొహం చూసి నా నోరు రాలేదు. మీ బాబాయికీ చెప్పలేదు. సోమవారం బడికి పంపాను, మంగళవారం ప్రాక్టీసుకి పంపాను. సాయంత్రం వచ్చి లైటు ఆర్పమని మంచం మీద పడ్డాడు.

డాక్టర్ నన్ను తిట్టలేదు. ఒక్కటే చెప్పింది. మెదడు మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగిలితే, అది చిన్నదే అయినా, పిల్లల్లో ప్రాణం మీదికి రావచ్చని. మంగళవారం ప్రాక్టీసులో ఎవరి భుజమూ వీడి తలకి తగలకపోవడం మా అదృష్టం, అంతే. సీజన్‌లో మిగిలిన ఆటలన్నీ పోయాయి. వాడెంతో ఎదురుచూసిన ఆ ఆట కూడా కంచె బయట నుంచే చూశాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. తప్పు కోచ్‌ది కాదు, స్కూలుది కాదు, పిల్లవాడిది అసలే కాదు.

ఇప్పుడు నియమాలు గట్టిగా ఉన్నాయి. ఇక్కడి రగ్బీలో ఎరుపు, పసుపు కార్డులతో పాటు నీలం కార్డు కూడా ఉంటుంది. తలకి దెబ్బ తగిలిందని రిఫరీకి అనుమానం వచ్చినా చాలు, అది చూపించి బయటికి పంపుతాడు, ఆ రోజుకి మళ్ళీ లోపలికి రానివ్వరు. 2024లో ఆస్ట్రేలియా క్రీడా సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం పిల్లలకి కంకషన్ (తలదెబ్బకి మెదడు అదరడం) అయితే లక్షణాలన్నీ పోయాక మరో 14 రోజులు గడిస్తేనే ఒకరినొకరు తాకే ప్రాక్టీసు. దెబ్బ తగిలిన రోజు నుంచి కనీసం 21 రోజులు దాటితేనే మ్యాచ్. కనీసం అంటే కనీసమే, డాక్టర్ ఒప్పుకోవాలి కూడా.

కానీ కార్డు చూపించాలంటే ఎవరో ఒకరు చూడాలి. రిఫరీ ఒక్కడు, పిల్లలు ముప్పై మంది. కారులో వాడి పక్కన కూర్చునేది నువ్వు. "దెబ్బ తగిలిందా?" అని అడగకు, లేదనే చెబుతాడు. "మొదటి నుంచీ ఆట కథ చెప్పు" అను. మామూలుగా ఉంటే నోరు ఆపకుండా చెబుతాడు. మధ్యలో ఎక్కడైనా ఖాళీ వస్తే, చెప్పిందే చెబుతుంటే, లేక వాగుడుకాయ కాస్తా మూగవాడైపోతే నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళు. కథ బాగా చెప్పాడు కదా అని కళ్ళ ముందు తగిలిన దెబ్బని మర్చిపోకు. తలనొప్పి అంతకంతకూ పెరిగినా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, మగతగా ఉండి లేపితే లేవకపోయినా ఇంకేమీ ఆలోచించకుండా అంబులెన్స్‌కి, 000కి ఫోన్ చెయ్యి. వాడు బతిమాలతాడు, ఏడుస్తాడు, వారం రోజులు మాట్లాడడు. మాట్లాడకపోతే పోయాడు.

ఇది కాక మిగతావన్నీ చిన్నవే. విరిగిన వేలు, వాచిన కన్ను చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడకండి.

జట్టు ఏదని అడిగితే నిన్న గొంతు తగ్గించి "13సి" అన్నావు, అంటే పదమూడేళ్ళలోపు వాళ్ళ సి జట్టు. ఎందుకు తగ్గించావు? వీళ్ళకి ఎ, బి, సి, డి అని ఎన్నో జట్లుంటాయి, సెక్షన్లు చూసి చూసి మనకి ఎ కాకపోతే పరువు తక్కువ. పై జట్లలో ఆడేవాళ్ళు వేరే బాపతు. జోయీస్ నుంచి కర్ట్లీ బీల్, కింగ్స్ నుంచి జోసెఫ్ సువాలీ లాంటి వాళ్ళు దేశం జట్టుకే వెళ్ళారు. సువాలీ అయితే పధ్నాలుగేళ్ళకే కింగ్స్ పెద్ద జట్టులో ఆడాడు. మా వాడు డీలో మొదలై డీలోనే నాలుగేళ్ళు ఉన్నాడు. ఒక రోజు అరవైకి సున్నాతో ఓడిపోయారు, తిరుగు దారంతా కారులో నలుగురు పిల్లలూ పాటలే పాటలు. ఆ నలుగురూ ఇప్పటికీ మా ఇంటికి పెసరట్టు కోసం వస్తారు. గుంటూరు నుంచి మా మరిది ఫోన్ చేసి "ఫస్ట్‌లో ఉన్నాడా?" అని అడిగితే "మైదానంలో ఉన్నాడు" అని చెప్పేదాన్ని.

గీత బయట నిలబడ్డప్పుడు నోరు అదుపులో పెట్టుకో. మీ ఆయన క్రికెట్ చూసేటప్పుడు టీవీతో మాట్లాడే రకం, ఆయనకి ముఖ్యంగా చెప్పు. చిన్న జట్ల ఆటలకి రిఫరీగా ఒక్కోసారి పై తరగతి కుర్రాడే వస్తాడు. వాడి మీద అరవడం అంటే పక్కింటి పిల్లాడి మీద అరవడమే. బంతి వెనక్కే విసరాలి, ముందుకి విసిరితే తప్పు. గీత దాటి నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు, ఆ తర్వాత గోల్ కొడితే 2, పెనాల్టీకి 3. మొదటి ఏడాదికి ఇంత తెలిస్తే చాలు. మిగతాదానికి చుట్టుపక్కల వాళ్ళు చప్పట్లు కొట్టినప్పుడు నువ్వూ కొట్టు, అవతలి జట్టుకి కొట్టినా సరే. మీ ఆట అవగానే కారెక్కెయ్యకండి. మధ్యాహ్నం పెద్ద పిల్లల జట్టు, ఫస్ట్ ఫిఫ్టీన్, ఆడుతుంది. పిల్లలంతా ఒకచోట నిలబడి గొంతులు పోయేలా యుద్ధ నినాదాలు అరుస్తారు. నీకు నవ్వొస్తుంది. నవ్వకు, వీడు అందులో ఉంటాడు.

ట్యూషన్ కూడా శనివారమే అన్నావు. ఆదివారానికి మార్పించు. పన్నెండో తరగతిలో హెచ్‌ఎస్‌సీకి, అంటే ఇక్కడి స్కూలు చివరి పబ్లిక్ పరీక్షకి, ముందు జరిగే ట్రయల్ పరీక్షలు, సీజన్ చివరి ఆటలు దగ్గర దగ్గరగా పడతాయి. దానికింకా అయిదేళ్ళుంది, అప్పుడు మళ్ళీ ఏడుద్దువు గాని.

ఉదయం ఎనిమిదికి ఆటంటే ఏడుకల్లా అక్కడ ఉండాలి. ఆ చలిలో వాడు ఇడ్లీ తింటాడో లేదో, రెండు అరటిపళ్ళు జేబులో పెట్టు. హాఫ్ టైమ్‌కి నారింజ తొనలు తెచ్చే వంతు ఒక్కో వారం ఒక్కొక్కరిది, నీ వంతు ఎప్పుడో కనుక్కో. బార్బెక్యూ దగ్గర పని చెయ్యడానికి పేరు అడుగుతారు, ఇవ్వు. సాసేజ్ ముట్టుకోనంటే ఉల్లిపాయలు తరుగుతానని చెప్పు, నేను ఆరేళ్ళు అదే చేశాను, సగం మంది తల్లులు నాకు అక్కడే పరిచయమయ్యారు.

ఈ శనివారం నేనూ వస్తున్నాను. మడత కుర్చీలు రెండు, గొడుగు, ఫ్లాస్కుతో కాఫీ నావి. నువ్వు పులిహోర చెయ్యి, ఇంగువ కాస్త ఎక్కువ వెయ్యి. పార్కింగ్ దొరకదు, ఆరున్నరకే మీ గేటు దగ్గర ఉంటాను.

ఇట్లు
పిన్ని