సినిమా ముక్కతో సోషల్ పాఠం

ప్రశ్న: తొమ్మిదో తరగతికి సోషల్ చెప్తానండి. ప్రాథమిక హక్కుల పాఠానికి 'జై భీమ్' సినిమా చూపిద్దామనుకుంటున్నా, కానీ పీరియడ్ 45 నిమిషాలే, పైగా ఆ లాకప్ సీన్లు పిల్లలు తట్టుకోగలరా? – ఒక టీచర్, ఖమ్మం

జవాబు: మొత్తం సినిమా ఎందుకండీ, మొదటి సీన్ చాలు. జైలు గేటు దగ్గర విడుదలై బయటికొస్తున్నవాళ్ళని నీ కులమేంటని అడిగి కొందర్ని ఇంటికి పంపేసి మిగతావాళ్ళని పక్కన నిలబెడతారు చూడండి, పెండింగ్ కేసులు వాళ్ళ నెత్తిన రుద్దడానికి, అక్కడ పాజ్ కొట్టి మీరేం చెప్పకుండా పిల్లల్నే మాట్లాడనివ్వండి. ఆ తర్వాత రాజ్యాంగంలో 22వ అధికరణం తియ్యండి, అరెస్టయినవాణ్ణి ప్రయాణం టైమ్ తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్నది అప్పుడు బుర్రకెక్కుతుంది. లాకప్ సీన్లు అస్సలొద్దు, ఏడిపించడానికి తప్ప ఈ పాఠానికి వాటితో పన్లేదు.

ఇంకోటి, ఈ సినిమా తమిళనాడులో 1993లో జరిగిన కేసు మీద తీసింది. అప్పుడు లాయరుగా పోరాడిన చంద్రు గారు తర్వాత మద్రాస్ హైకోర్టు జడ్జి అయ్యారు. అయితే సినిమాలో బాధితులు ఇరుళర్లనే గిరిజనులు, అసలు కేసులో కురవలనే వేరే సముదాయం వాళ్ళు. ఎందుకు మార్చుంటారో అడగండి, వెనక బెంచీ కూడా నోరు విప్పుద్ది.