మంచం మళ్ళీ ముందుగదిలోకి తీసుకురండి

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 36 ఏళ్ళు. రెండు గదుల అద్దె పోర్షన్‌లో నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్యగారు ఉంటాం. పోయినేడు మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి మావారి వైపు చుట్టాలు 11 మంది వచ్చారు. మా పెద్ద వదిన నలుగురిలో "కూర్చోడానికి చోటే లేదు, ఈ ఇంట్లో ఎలా ఉంటున్నారో" అనేశారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. తర్వాత వాయిదాల మీద సోఫా కొన్నాం. అది పట్టడానికి అత్తయ్యగారి మంచం వెనకగదిలోకి మార్చాం. సోఫా పాడవుతుందని పిల్లల్ని కూర్చోనివ్వను. ఎంత సర్దినా తృప్తి లేదు. ఎవరైనా తలుపు కొడితే గుండె దడ. మళ్ళీ పండగ వస్తోంది. మావారు నన్ను అడక్కుండానే అందరినీ పిలిచేశారు. ఇంటికి తాళం వేసి ఆమదాలవలసలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోదామా అనిపిస్తోంది. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ వదినగారి మాట దగ్గర ఆగిపోయాను. రెండోసారి మంచం దగ్గర ఆగాను. మంచం సంగతి మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు గానీ, మీ ఇల్లు మీకు పరాయిదైపోవడం అక్కడే మొదలైందని నాకు అనిపిస్తోంది.

వదినగారు అన్నది తప్పు మాట. పండగపూట 11 మందికి వండి వడ్డించిన మనిషితో అలా అనకూడదు. మీకు బాధ కలగడంలో వింతేమీ లేదు. అయితే ఆ బాధతో మీరు చేసినదేమిటో చూడండి. ఏడాదికి ఒకరోజు వచ్చే ఆవిడ కోసం, మిగతా 364 రోజులూ అందులో బతికే ఐదుగురి ఇల్లు మార్చేశారు. పిల్లలకి కూర్చునే చోటు పోయింది. పెద్దావిడకి వీధి పోయింది. మీకేమో మనశ్శాంతి పోయింది.

పొందూరు దగ్గర మా అమ్మమ్మగారి పల్లెలో వాళ్ళ ఇంటి వసారాలో ఒక నులకమంచం ఉండేది. గుమ్మం పక్కన నీళ్ళబిందె, దాని మీద బోర్లించిన బుడితి ఇత్తడి చెంబు. చెంబు అంచున చిన్న సొట్ట. వీధిలో ఎవరు వెళ్తున్నా అమ్మమ్మ మంచం మీంచే "ఏటమ్మా, ఎండలో ఎక్కడికి? కాసేపు కూకో" అనేది. చెంబుతో నీళ్ళు అందాకే మిగతా కబుర్లు. ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు, రెండూ కుంటివే. అయినా బయటివాళ్ళు ఒక్కరైనా లేకుండా మధ్యాహ్నం అన్నం తిన్న రోజు నాకు గుర్తులేదు.

మీ ముందుగదిలో మంచం ఉన్నప్పుడు అత్తయ్యగారు కూడా పాలబ్బాయినీ, కూరలమ్మినీ, పక్కింటి కోడలినీ పలకరించే ఉంటారు. పిలిచే మనిషిని వెనక్కి పంపించి, ఆ చోట గుడ్డ కప్పిన సోఫా వేశారు. పెద్దవాళ్ళకి నాలుగు మాటలు, కాస్త వెలుతురు మందుల్లాగే అవసరం. ఇవాళే మంచం మళ్ళీ ముందుగదిలోకి తెచ్చెయ్యండి. చోటు చాలకపోతే సోఫాలో ఒక ముక్క వెనకగదిలోకి పోనివ్వండి. దాని మీద గుడ్డ తీసేసి పిల్లల్ని కూర్చోనివ్వండి. మరకలు పడతాయి, పడనివ్వండి.

రాత్రిపూట ఆవిడకి బాత్రూమ్ దూరమవుతుందని మీకు టెన్షన్ ఉండొచ్చు. దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉంచండి. బాత్రూమ్ గోడకి పట్టుకోడానికి ఒక స్టీలు రాడ్డు బిగిస్తామని ఓనరుగారిని అడగండి. నేల తడి లేకుండా చూసుకుంటే చాలు, చుట్టాలకీ అదే పెద్ద సౌకర్యం. ఇంకొకటి, కుళాయి నీళ్ళ కోసం మీకూ డ్రమ్ము ఉండే ఉంటుంది. డెంగీ దోమ గుడ్లు పెట్టేది కదలని మంచినీళ్ళలోనే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. గుడ్లు డ్రమ్ము గోడలకి అంటుకుని ఉంటాయి కాబట్టి వారానికోసారి మొత్తం వంపేసి, లోపల పీచుతో గట్టిగా తోమి, మూత పెట్టండి. వానలకి గోడ చెమ్మగిల్లితే బీరువా జానెడు ముందుకి జరిపి, పొద్దున్నే కిటికీలు తెరవండి. కొత్త కర్టెన్ల కంటే ముందు ఈ పనులు చూడండి.

ఇక పండగ. అమ్మవారి గుడి నుంచి కోట దాకా, పూజారి కూర్చున్న ఆ పొడవాటి సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా ఆ జనంలో నిలబడి వచ్చినవాళ్ళకి కాళ్ళు లాగేస్తుంటాయి. వాళ్ళకి కావలసింది చల్లటి నీళ్ళు, శుభ్రమైన బాత్రూమ్, నడుం వాల్చడానికి ఒక చాప. పండగ ముందురోజు, సోమవారం తొలేళ్ళ నాటికే జంతికలు డబ్బాలో ఉంటే, మంగళవారం పులిహోర, పప్పు, ఒక కూర, పెరుగు సరిపోతాయి. పది రకాలు చేసి, గుమ్మంలో చిరాకుపడుతూ నిలబడకండి.

అన్నీ మీరొక్కరే చేయకండి. మీవారు పిలిచారు కాబట్టి సామాన్లు తేవడం, చాపలు, మంచినీళ్ళ టిన్నులు ఆయన పని. "ఇకమీద పిలిచేముందు నాకో మాట చెప్పండి" అని గొడవ లేని వేళ చూసి చెప్పండి. పిల్లలకి గ్లాసులు అందించే పని ఇవ్వండి, సంబరంగా చేస్తారు.

వదినగారికి మీరే ఫోన్ చెయ్యండి. "వదినా, పోయినేడు మీరన్న మాటకి నాకు చాలా బాధేసింది. ఆ మాట మనసులో పెట్టుకుని ఉండలేక చెప్తున్నాను. ఈసారి ఆదివారమే రండి, ఇద్దరం కలిసి జంతికలు వండుకుందాం." ఇంతకుమించి వద్దు. ఆవిడ సారీ చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. పిండి కలిపిన మనిషి ఆ ఇంటికి వంకలు పెట్టడం మాత్రం నేను చాలా అరుదుగా చూశాను.

గుండె దడ సంగతి తేలిగ్గా తీసుకోకండి. పండగ అయ్యాక కూడా ఉన్నా, నిద్ర పట్టకపోయినా డాక్టరుకి చూపించండి. మనసు బాగోనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.

అమ్మ దగ్గరికి తప్పకుండా వెళ్ళండి, పండగ అయిన మర్నాడు. రెండు రోజులు హాయిగా పడుకుని రండి. ఈలోపు ఇవాళ సాయంత్రం మంచం జరిపేటప్పుడు, తల ఏ వైపు పెట్టమంటారో మాత్రం అత్తయ్యగారినే అడగండి.