"కనిపెట్టారు" అని రాసేముందు

తల్లీ,

నీ సెమినార్ స్లైడ్లు చూశాను. కడుపులో బిడ్డకి మద్యం చేసే హాని గురించి బాగా రాశావు, కానీ మొదటి స్లైడ్‌లోనే "ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్‌ని 1973లో జోన్స్, స్మిత్ కనిపెట్టారు" అన్నావే, ఆ మాట తీసెయ్.

ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయి. అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్లు జోన్స్, స్మిత్ ఎనిమిది మంది పిల్లల్లో ఒకే రకం ముఖ లక్షణాలు, ఎదుగుదల లోపాలు గుర్తించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, అదే ఏడాది ఆ పేరూ పెట్టారు. పేరు పెట్టబట్టే ప్రపంచం పట్టించుకుంది, అది చిన్న పనేం కాదు. కానీ అంతకు ఐదేళ్ల ముందే, 1968లో, ఫ్రాన్స్‌లోని నాంట్‌లో పాల్ లెమ్వాన్ బృందం 127 మంది పిల్లల్ని చూసి ఇవే లక్షణాలు వివరంగా రాసింది. అది ఫ్రెంచ్‌లో, ఒక ప్రాంతీయ వైద్య పత్రికలో వచ్చింది కాబట్టి బయట పెద్దగా ఎవరూ చదవలేదు. ఇంకా వెనక్కి వెళ్తే 1957లో పారిస్‌లో ఇదే విషయం మీద జాక్లిన్ రూకెట్ థీసిస్ ఉంది. 1899లో లివర్‌పూల్ జైలు డాక్టర్ విలియం సలివన్ అయితే మద్యానికి బానిసలైన 120 మంది ఆడవాళ్ల 600 కాన్పుల లెక్క తీశాడు. సగానికి పైగా పిల్లలు చనిపోయి పుట్టారు, లేదా రెండేళ్లు నిండకుండానే పోయారు. గర్భం మొదట్లోనే జైలుకొచ్చి తాగుడు ఆగిపోయినవాళ్లకి మాత్రం బిడ్డలు దక్కారని కూడా అతను గమనించాడు. ఆ ఒక్క పరిశీలన కోసమైనా అతనికి ఒక స్లైడ్ ఇవ్వు.

క్రిస్టీ ఉలెలాండ్‌ని మాత్రం అస్సలు వదలకు. సియాటిల్‌లోనే పీడియాట్రిక్స్ రెసిడెంట్‌గా, అంటే పిల్లల వైద్యంలో శిక్షణ పొందే డాక్టర్‌గా ఉన్నప్పుడు, బరువు పెరగని పసివాళ్లకీ తల్లుల తాగుడుకీ సంబంధం ఉందని పట్టుకుని, 1973 కంటే ముందే ప్రచురించింది. ఆ లాన్సెట్ వ్యాసంలో ఆమె పేరు మూడోది, మనస్తత్వవేత్త ఆన్ స్ట్రైస్‌గత్‌ది నాలుగోది, అయినా అందరూ చెప్పుకునేది మొదటి రెండు పేర్లే. నా పీజీలో రాత్రుళ్లు కూర్చుని కేస్ షీట్లన్నీ నేను రాస్తే, అచ్చయిన పేపర్లో నా పేరే లేదు. నలభై ఏళ్లయినా ఆ బాధ పోలేదమ్మా, అందుకే ఇంతగా చెప్తున్నా.

ఇంకోటి, "తాగుబోతు తల్లులు" అని రాయకు. "గర్భంలో మద్యం ప్రభావం" అంటే చాలు, హాల్లో అలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్లు ఉండొచ్చు.

మార్చాక ఆదివారంలోపు పంపు, పేర్ల ఉచ్చారణ ఫోన్లో ఒకసారి చూద్దాం.

పెదనాన్న