చీలమండ మాటిమాటికీ మడతపడుతుంటే ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 29. రెండేళ్ల క్రితం అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా కుడి చీలమండ బెణికింది. వాపు తగ్గింది కానీ, ఎగుడుదిగుడు ఫుట్‌పాత్ మీద నడిచినప్పుడల్లా పాదం లోపలికి మడతపడుతోంది. లిగమెంటుకు ఆపరేషన్ చేయాలంటున్నారు. తప్పదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: బెణుకులో ముందుగా దెబ్బతినేది చీలమండ బయటివైపు లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ. అది సాగిపోయి వదులుగా అతుక్కుంటే మీరు చెప్పిన ఇబ్బందే వస్తుంది. అయితే ఎంఆర్ఐ రిపోర్టు ఒక్కటే చూసి ఆపరేషన్‌కు సిద్ధపడకండి. మడమను పట్టి ముందుకు లాగి, కీలు ఎంత జారుతోందో డాక్టర్ చేత్తో పరీక్షించారా అన్నది ముఖ్యం. మూడు నెలలైనా ఫిజియోథెరపీ క్రమం తప్పకుండా చేశారా? పళ్లు తోముకునేంతసేపు, పక్కన గోడ ఆసరా ఉంచుకుని, ఒంటికాలిపై నిలబడటం కూడా అందులో భాగమే. చాలామంది వారం చేసి మానేస్తారు.

అప్పటికీ పట్టు రాకపోతే, 1966లో స్వీడన్ సర్జన్ బ్రోస్ట్రోమ్ వివరించిన పద్ధతిలో, సాగిన లిగమెంటును బిగించి కాలి బయటి ఎముకకు తిరిగి కుట్టే ఆపరేషన్ చేస్తారు. దీన్నే 1980లో గౌల్డ్ అనే సర్జన్ చేసిన మార్పుతో నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. లిగమెంటు మరీ పలచబడితే వేరేచోటి స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌ను) తెచ్చి అమరుస్తారు. సాధారణంగా కొన్ని వారాలు కట్టు, చీలమండ కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేక బూటు తప్పవు. ఆటలకు నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి. కొందరికి పాదం పైభాగంలో తిమ్మిరి, కీలు బిగుసుకుపోవడం ఉండవచ్చు కాబట్టి, వాటి గురించి ముందే అడిగి తెలుసుకోండి.